కుంటిగుర్రం ఆగిన చోటు

"ఆ పొట్టి తీగ ఏమైంది? నిద్రపోయిందా?"

కేక వంటింట్లోంచి వచ్చింది. వసారాలో కూర్చున్న ఆర్డిత్ ఉలిక్కిపడి ఒళ్ళోని అయిదు తీగల బాంజో వంక చూసుకుంది. నిజమే, బొటనవేలు పొట్టి తీగను మీటడం మరిచిపోయింది. దోమతెర తలుపుకు అవతల, వీపు ఇటు పెట్టి పిండి కలుపుతున్న అత్తగారికి ఆ సంగతి ఎలా తెలిసిందో!

"మళ్ళీ మొదట్నుంచి," అంది జెల్ఫియా, తల తిప్పకుండానే.

ఆ బాంజో మామగారు బర్ల్‌ది. ఆర్డిత్ పెళ్ళయి ఈ కొండలోయకు వచ్చేనాటికే ఆయన పోయాడు. 'కుంటిగుర్రం వాగు దాటింది' అనే పాట ఆయనకు తల్లి దగ్గర్నుంచి వచ్చింది. కాగితం మీద లేదు, ఏ టేపులోనూ లేదు. మే నెలలో సమాధుల ఆదివారం నాడు, కొండమీద తమవాళ్ళ సమాధులకు పూలు పెట్టడం అయ్యాక, ఆ ఇంటివాళ్ళెవరో ఒకరు దాన్ని వాయించాలి. కొడుకు హార్లన్ ఉన్నాడు గానీ, అతని చెవికీ కంచె గుంజకీ పెద్ద తేడా లేదు. "అమ్మ దగ్గర నేర్చుకో. నాన్న తప్పు వాయించినా పట్టేసేది," అని పెళ్ళానికి సలహా చెప్పి, కలప కోతమిల్లులో పనికి వెళ్ళిపోయేవాడు.

ఫిడేలు వాయించే క్లీట్, బర్ల్‌కు వరసకు తమ్ముడు, ముందే సిద్ధమై ఉన్నాడు.

"కోడలికి రాకపోతే మొహమాటపడకు వదినా, నేనున్నాను," అన్నాడు ఒకరోజు మెట్టు మీద కాలు పెట్టి. "ఆ మధ్యలో ఆగుడు తీసేసి సాఫీగా లాగించేస్తాను. జనం చిందు కూడా వెయ్యొచ్చు."

"సాఫీ చేస్తే అది మా గుర్రం కాదు, నీ గాడిద," అంది జెల్ఫియా. "రొట్టె తినేసి వెళ్ళు."

తినే వెళ్ళాడు. కానీ ఆ మాట ఆర్డిత్‌ను వదల్లేదు. క్లీట్ ఒక్కసారి అందరి ముందూ వాయించాడంటే, ఇక లోయంతా అదే పాట అనుకుంటుంది. అసలుది బర్ల్‌తో పాటు మట్టిలో కలిసినట్టే.

ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రమూ బాంజో దించలేదు.

"రెండో తీగ బిగిసింది. దించు. ఇంకా... ఇంకా... ఆఁ, చాలు," అనేది జెల్ఫియా గిన్నెలు తోముతూ. "మొక్కజొన్న గింజలు రేకు మీద రాలినట్టుండాలి పిల్లా. నువ్వు రాళ్ళు గుమ్మరిస్తున్నావు."

కాలేజీలో నాలుగు పాటలు వాయించి చప్పట్లు కొట్టించుకున్న ఆర్డిత్‌కు ఏడుపొచ్చేది.

"ఒక్కసారి మీరు వాయించి చూపించండి అత్తయ్యా! ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూస్తే చటుక్కున వచ్చేస్తుంది."

"చూపిస్తే చూస్తావు. వినవు. వెనకటివాళ్ళు విని నేర్చుకున్నారు."

ఆర్డిత్ మళ్ళీ తీగల మీద వేళ్ళు పెట్టింది. ఎంత పెద్ద మాట! గురువంటే ఇలా ఉండాలి అనుకుంది.

అన్నిటికన్నా కష్టం ఆ ఆగుడు. మూడో వరస చివర పాట హఠాత్తుగా నిలిచిపోవాలి. తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడవాలి.

"తొందరపడ్డావు. ఆగు అక్కడ."

"ఎంతసేపు?"

"ఆగాల్సినంత."

ఆలోచించగా ఆర్డిత్‌కు అర్థమైంది. కుంటిగుర్రం వాగు నడుమ నిలబడి, నీళ్ళ లోతు చూసుకుని, మళ్ళీ అడుగేస్తుంది. ఆ తర్వాత వాయించినప్పుడల్లా కళ్ళు మూసుకుని గుర్రాన్ని వాగులో నిలబెట్టేది. ఓ సాయంత్రం పాట అయిపోయాక వంటింట్లోంచి కేక రాలేదు. గిన్నెల చప్పుడూ లేదు. చాలాసేపటికి, "ఊఁ. రేపు ఇలాగే," అని మాత్రం వినబడింది.

ఆదివారం కొండమీద సమాధుల నిండా పూలు. చెట్ల కింద దుప్పట్లు పరిచి, వేపిన కోడీ, రొట్టెలూ సర్దుతున్నారు. క్లీట్ ఫిడేలు పెట్టె తెరిచే ఉంచాడు.

ఆర్డిత్ వాయించింది. మూడో వరస చివర గుర్రం ఆగింది. కోడి ముక్కలు అందిస్తున్న చేతులు కూడా ఆగాయి. పాట మళ్ళీ నడిచేసరికి క్లీట్ టోపీ తీసి గుండెకు పెట్టుకున్నాడు.

"బర్లే. అచ్చం మా బర్లే," అన్నాడు. ఫిడేలు పెట్టె తనే మూసేశాడు.

జనం తిండి మీద పడ్డాక ఆర్డిత్ అత్తగారి పక్కన చేరింది. "ఇప్పుడైనా చెప్పండి అత్తయ్యా, అక్కడ గుర్రం నీళ్ళ లోతు చూసుకుంటోంది కదూ?"

"గుర్రమా?" జెల్ఫియా నవ్వింది. "అక్కడ మీ మామ పొగాకు ఉమ్మేవాడు. డబ్బాలో ఠంగుమనేది. అది పడ్డాక మళ్ళీ మొదలెట్టేవాడు."

"అయితే ఇన్నాళ్ళూ నేను ఉమ్మి సాధన చేశానా!"

"బాగా చేశావు. ఆ ఠంగు ఒక్కటే తక్కువ."

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు. ఆర్డిత్ ఆ నవ్వుతోనే బాంజో తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"నా వంతు అయిపోయింది. ఇక మీరు వాయించండి. మీరు వాయిస్తే వినాలని ఎప్పట్నుంచో ఉంది."

జెల్ఫియా రెండు చేతులూ ఏప్రన్‌కు శుభ్రంగా తుడుచుకుంది. చుట్టూ ఒకసారి చూసింది.

"ముందు దీన్నెలా పట్టుకోవాలో చెప్పవే," అంది.