రాతికి ఒక ముఖం

సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. మంచుకొండల కింద ఉన్న కరకోల్ ఊళ్లో కొండలెక్కేవాళ్లకు సామాన్లు అద్దెకిచ్చే కొట్టు అది. తేలికైనది కావాలని ఐజిరెక్ పొద్దున్నుంచీ ట్రైపాడ్‌లు ఎత్తుతోంది, దించుతోంది.

కొండెక్కేటప్పుడు వీపు మీద గుడారం, తిండి, పెద్ద రీలు కెమెరా మొయ్యాలి. ఆ కెమెరా ఒక్కటే ఇటుకంత బరువు. పైన మంచుకొండ దగ్గర మంచి బొమ్మలు తీసుకొస్తే తప్ప ఆమెకు పత్రికలో ఉద్యోగం లేదు.

"కెమెరా ఏమో ఏనుగంత, దానికి ఎలుక కాళ్లు కావాలంటావు," అన్నాడు కొట్టు యజమాని దోలోత్.

చివరికి సన్నకాళ్లది ఒకటి తేలిగ్గా ఉంది. గాలికి వణుకుతుందేమో చూద్దామని పెరట్లో నిలబెట్టింది.

గుమ్మంలో కూర్చున్న ముసలాయన లేచి వచ్చాడు.

"నన్నొకటి తీస్తావా అమ్మాయ్? నా రాయికి."

అక్కడ పోయినవాళ్ల ముఖాన్ని, ఫొటో చూసి, సమాధిమీది నల్లరాతి మీద చెక్కిస్తారు. ముఖం లేని రాయిని చూస్తే అందరికీ జాలి.

"అప్పుడే ఏం తొందర తాతా? గుర్రంలా ఉన్నావు," అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. సంచిలోంచి ఉతికిన తెల్లటోపీ తీసి పెట్టుకున్నాడు. గోడ నీడలోకి వెళ్లి, గడ్డం కొంచెం పక్కకు తిప్పి, కదలకుండా నిలబడ్డాడు.

రీలుకు పన్నెండే బొమ్మలు. ఉన్న రీళ్లన్నీ మంచుకొండకే. కెమెరాలో ఇంకా రీలు ఎక్కించనేలేదు. కాదంటే నొచ్చుకుంటాడు, ఎలాగూ ట్రైపాడ్‌ను పరీక్షించాలి కదా అనుకుని, ఉత్త కెమెరా మీటే నొక్కింది.

ట్రైపాడ్ వణకలేదు. ఐజిరెక్ ప్రాణం కుదుటపడింది.

ముసలాయన ఆమె చేతివంకే చూస్తూ ఉండిపోయాడు, అది ఇంకేదో చెయ్యాలన్నట్టు. తర్వాత టోపీ తీసి సంచిలో పెట్టుకున్నాడు. "జాగ్రత్తగా వెళ్లిరా తల్లీ," అని వెళ్లిపోయాడు.

కొండ మీద ట్రైపాడ్ ఆమెను మోసం చెయ్యలేదు. బొమ్మలు బాగా వచ్చుంటాయన్న ధీమాతో దాన్ని తిరిగివ్వడానికి వచ్చింది.

కొట్లో ముదురునీలం రుమాలు కట్టుకున్న ఒకావిడ ఎదురుచూస్తోంది. ఆ ముసలాయన కూతురట. ఆయన మొన్ననే పోయాడట. ఐజిరెక్ ఆయన్ను ఫొటో తీసిందని దోలోత్ చెబితే వచ్చిందట.

"ఆ ఫొటో ఇప్పించమ్మా. పాస్‌పోర్టులోని గోరంత ముఖం చూసి చెక్కడం కుదరదన్నాడు రాళ్లవాడు."

ఐజిరెక్ చేతిలోని ట్రైపాడ్‌ను కింద పెట్టింది.

"అందులో రీలు లేదక్కా. ఆయనకు చెప్పలేదు."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఐజిరెక్‌కు.

"అందుకే కాబోలు, ఇంటికొచ్చి ఆ మాటే ఎత్తలేదు," అంది ఆవిడ లేస్తూ. "ఉత్త కెమెరా చప్పుడు ఆయనకు తెలీకపోవడమేంటి? మా ఊరి సమాధుల్లో ప్రతి రాతి మీదా ఉన్న ముఖాన్ని ఫొటో తీసింది మా నాన్నే."