సగం వాటా

తాను ఇన్నేళ్ళుగా చేస్తున్నది న్యాయవాద వృత్తా, లేక నటన నేర్పే వృత్తా? పన్ను కార్యాలయం వరండాలో, బెంచీ అంచున ఒదిగి కూర్చున్న ఇల్లాలి చేత పాఠం అప్పజెప్పించుకుంటూ లాయరు తనను తానే ప్రశ్నించుకున్నాడు. జవాబు వెతుక్కునే తీరిక లేదు. లోపలి నుంచి ఏ క్షణాన్నైనా పిలుపు రావచ్చు.

“అట్ట ఎక్కడ కొంటారమ్మా?”

“రెండు మిల్లుల దగ్గర. వానలు మొదలయ్యే ముందు కొంచెం ఎక్కువ కొని నిల్వ పెడతాం.”

“ఎవరు కొంటారు?”

“నేనే.”

“నేనే అనేటప్పుడు ఆయన వైపు చూడకండి.”

ఆ ‘ఆయన’ పక్కనే నిలబడి మెడ తుడుచుకుంటున్నాడు. అట్టపెట్టెల ఫ్యాక్టరీ యజమాని. లాభమంతా ఒక్కడి పేరనే చూపిస్తే పన్ను తడిసి మోపెడవుతుందని, భార్యను సగం వాటాకు భాగస్వామిని చేయించింది ఈ లాయరే. అలాంటి ఏర్పాట్లలో ఆయనది అందె వేసిన చెయ్యి. ఆమె మాత్రం ఇంతవరకు ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. ఇప్పుడు అధికారికి అనుమానం వచ్చింది: ఈవిడ నిజంగా వ్యాపారం చూస్తోందా, ఉత్త పేరుకేనా? పేరుకే అని తేలితే ఎగ్గొట్టిన పన్ను, దాని మీద జరిమానా కలిసి ఫ్యాక్టరీని మింగేస్తాయి.

“నోరు జారావంటే మనం రోడ్డున పడతాం,” అన్నాడు భర్త.

“వారం నుంచీ అదే పాట. ఒకప్పుడు ఫ్యాక్టరీ చూపించమంటే, ఆడదానివి అక్కడ నీకేం పనన్నారు.”

“ఇప్పుడా ఆ గొడవ?”

“ఇంకెప్పుడండీ? ఇన్నాళ్ళకు మీరు నా మాట కోసం ఎదురుచూస్తున్నారు.”

పిలుపు వచ్చింది.

లోపల ఆమె తడబడలేదు. అట్ట ధర చెప్పింది. కూలీలకు జీతాలు ఏ రోజున ఇస్తారో చెప్పింది. బాకీ పడ్డ ఖాతాదారు పేరెత్తగానే పెదవి కూడా విరిచింది. ఆ విరుపు తాను నేర్పలేదని లాయరు గమనించాడు. అప్పుడు అధికారి, పాఠంలో లేని ప్రశ్న వేశాడు.

“మీవారు ఒక బేరం కుదుర్చుకొచ్చారనుకోండి. మీకు నచ్చలేదు. ఏమవుతుంది?”



“ఆగిపోతుందండీ,” అంది ఆమె. “సగం నాది కదా.”

అధికారి భర్త వైపు తిరిగాడు. “అంతేనా?”

భర్త మళ్ళీ మెడ తుడుచుకున్నాడు. “అంతేనండీ.”

“వాంగ్మూలంలో రాయించండి మరి.” రాశారు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. అభ్యంతరం లేదని అధికారి ఫైలు మూసి లాయరుకు ఇచ్చేశాడు.

వరండాలోకి రాగానే భర్త లాయరు చేతులు పట్టుకుని ఊపేశాడు. “గట్టెక్కించారు! మీరు మామూలు మనిషి కాదండీ. ఏమే, నువ్వు ఆటో ఎక్కి ఇంటికెళ్ళు. నేను ఫ్యాక్టరీకి పోయొస్తా.”

“నేనూ అక్కడికే.”

“ఎందుకూ?”

“అట్ట కొనాలి.”

ఆయన పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“నాటకం అయిపోయిందే తల్లీ. ఇక వేషం తీసెయ్.”

“నాటకమని లోపల చెప్పి రమ్మంటారా?” ఆమె తలుపు వైపు రెండడుగులు వేసింది. ఆయన గబుక్కున అడ్డం వచ్చాడు. “సంతకం పెట్టి చెప్పానండీ, కొనుగోళ్ళు నావని. నా మాటను అబద్ధం కానివ్వను. తప్పుకోండి.”

“లాయరు గారూ, మీరైనా చెప్పండి! ఇదంతా కాగితం కోసమేనని చెప్పండి!”

లాయరుకు ఒక్క మాటతో పాత క్లయింటు నిలుస్తాడు. ఇంకో మాటతో పోతాడు. తనకు జీవితమంతా కాగితమే సత్యం. దాని వెనక మనిషి ఉన్నదీ లేనిదీ ఎన్నడూ తరచి చూసుకోలేదు. ఇప్పుడు ఆ మనిషి కాగితంలోంచి లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. లేదు పొమ్మనడానికి ఆయనకు నోరు రాలేదు.

“కాగితం మీద ఉన్నదే నిజమండీ. సగం ఆవిడది. గేటు దగ్గర ఆవిడను ఆపారంటే, ఆవిడ తరఫున వాదించేది నేనే.”

“నా ఫీజు తీసుకుని నా మీదికే వస్తారా?”

“వస్తాను. ఫీజు సంస్థది. సంస్థలో ఆవిడా ఉంది.”

ఎన్నడూ లేనిది, లాయరుకు తన వెన్ను నిటారుగా ఉన్నట్టు తోచింది. ఇకనుంచి తాను ఎవరి పక్షమో తేలిపోయినట్టూ అనిపించింది. తృప్తిగా ఆమె వైపు చూశాడు.

ఆమె చేతులు జోడించింది.

“పెద్ద మాట అన్నారు లాయరు గారూ, మరచిపోను. కానీ ఏ పాపం ఎరగని నా చేత వారం రోజుల్లో ఇంత నున్నగా అబద్ధం ఆడించిన మనిషి మా ఫ్యాక్టరీకి వద్దు. భాగస్వామిగా ఇది నా మొదటి నిర్ణయం,” అంటూ లాయరు చంకలోని ఫైలు లాక్కుని, మెట్లు దిగిపోయింది.