ఎడమ భుజం

"దిగు. ఒంటిగంటకి ఇక్కడే ఉంటా," అన్నాడు శశికాంత్, గేటు ముందు కారు ఆపి.

లోహిత స్నోబోర్డును కుడిచేత్తోనే బయటికి లాగింది. ఎడమ చెయ్యి ఇంకా బరువులకు పనికిరాదు. మూడు నెలల్లో మూడుసార్లు జారిన భుజం అది. నాలుగోసారి జారితే కోసి మేకులు వెయ్యడమేనని, ఆ తర్వాత ఈ జన్మకు బోర్డు మాట ఎత్తొద్దని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

"ఎవరైనా అడిగితే భుజం సంగతి వాగకు లోహీ. పాత దెబ్బలున్నాయంటే ఎక్కనివ్వరు."

"సరే."

"నేనూ వస్తానంటే కోవిడ్ రూలంట. నాన్సెన్స్!"

బోర్డు ఎక్కేవాళ్ళు తప్ప ఇంకెవరూ గేటు దాటకూడదు. శశికాంత్ మాస్కు గడ్డం కిందికి లాక్కుని కారులోనే కూర్చున్నాడు. మూడుసార్లూ ఆమెను ఆసుపత్రికి మోసుకెళ్ళింది అతనే. బోర్డు మీంచి పడిందని అతను చెప్పడం, "స్నోబోర్డా?" అని నర్సు అడగడం, లోహిత తల ఊపడం, అంతే. కరోనా హడావుడిలో రెండో ప్రశ్నకు తీరికెవరికి? నేస్‌ ఊళ్ళో ఉండే సుందరరామయ్య అంకులైతే జూమ్‌లో కనిపించినప్పుడల్లా అదే పాట. "ఇలాంటి పిచ్చిదాన్ని కట్టుకుని ఎంత ఓపికయ్యా శశీ నీకు!"

ఐర్లండులో మంచెక్కడిది? చెర్రీవుడ్ అనే ఊరు దాటి కాస్త కొండెక్కితే, ఒక వాలంతా నైలాన్ బ్రష్షులు పరిచి నీళ్ళు చల్లుతారు. దేశమంతటికీ ఉన్నది ఆ ఒక్క వాలే. దాన్నే మంచనుకోవాలి. పడితే మాత్రం మంచులా ఊరుకోదు. తోలు ఒలుస్తుంది.

పెళ్ళికి ముందు, లిమరిక్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో, శనివారం శనివారం బస్సెక్కి వచ్చి ఇక్కడే నేర్చుకుంది. బోర్డును అంచు మీద నిలబెట్టి, ఒళ్ళంతా నేలకు వాల్చి, వాలును కత్తితో గీసినట్టు గీసుకుంటూ వంపులు తిరగడం. కార్వింగ్ అంటారు. అందులో లోహిత ఘటికురాలు.

"నువ్వింకా ఉన్నావా పిల్లా!" అన్నాడు కోచ్ ఫర్గల్. అరవై దాటిన మనిషి. ఆ క్లబ్బుకు పాఠాలు, ప్రథమ చికిత్స, తాళంచెవులు అన్నీ ఆయనవే. "ఆ చెయ్యేంటి, అలా పొట్టకు కరుచుకున్నావు?"

"ఏం లేదు. గ్రాండ్," అంది, బానే ఉన్నానని ఇక్కడివాళ్ళు అనే మాటతోనే.

పైకెక్కింది. బూట్లు బిగించింది. బోర్డు ముక్కు కిందికి పెట్టి వదిలేసింది.

మొదటి వంపులోనే అంచు తప్పింది. వాలు ఎగిరొచ్చి మొహం మీద గుద్దింది. గడ్డం చీరుకుపోయింది. నోట్లో ఉప్పగా నెత్తురు. ఉమ్మేసి, మళ్ళీ పైకెక్కింది.

రెండోసారి తుంటి మీద పడింది. బ్రష్షులు ప్యాంటు చింపి కండను గీరేశాయి. పళ్ళు కరుచుకుని అక్కడే కాసేపు పడుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆ చప్పుడు. టక్. ఎముక గూట్లోంచి ఊడిపడే చప్పుడు. భుజం మొదటిసారి ఊడినప్పుడు గొంతు చించుకుని అరిచింది. రెండోసారి అరవకూడదని తెలిసింది. మూడోసారి, రాబోతోందని ముందే తెలిసింది. తెలిసీ ఏమీ చెయ్యలేకపోయింది. ఛీ, ఏం బతుకు!

ఒళ్ళంతా కోపం. లేచింది.

మూడోసారి ఆగుదామన్న ఆలోచనే పెట్టుకోలేదు. వేగం, ఇంకా వేగం. మడమల వైపు వాలింది. అంచు కరిచింది. కాలివేళ్ళ వైపు తిప్పింది. కరవలేదు. మనిషి అమాంతం గాల్లోకి లేచి, బరువంతా వేసి ఎడమ భుజం మీద పడింది. రెండు పల్టీలు కొట్టింది.

కళ్ళు మూసుకుని టక్ కోసం ఎదురుచూసింది.

రాలేదు.

వేళ్ళు కదిపింది. మోచెయ్యి ఎత్తింది. భుజం ఉన్నచోటే ఉంది! భోరున ఏడ్చింది, సంతోషానికి. ఏడుస్తూనే లేచి, మిగతా వాలంతా ఎడాపెడా కోసుకుంటూ, ఒక్క వంపూ తప్పకుండా కిందికి దిగింది.

ఫర్గల్ పరుగున వచ్చి గడ్డానికి దూది అద్దాడు. భుజం తడిమి చూశాడు.

"గుర్రం తన్నినట్టు పడ్డావు. అయినా ఇది చెక్కుచెదరలేదు. వచ్చేటప్పుడే చెయ్యి కరుచుకున్నావంటే నొప్పి పాతదేగా? అప్పుడెలా పడ్డావమ్మా?"

లోహిత ఆ దూది లాక్కుని తనే గడ్డానికి అదుముకుంది.

"సరేలే. నెత్తురు కనబడితే ఫారం నింపాలి. రూలు." బెంచీ మీద కాగితం పెట్టాడు. తన పెన్ను శానిటైజరుతో తుడిచి మరీ ఇచ్చాడు.

పేరు రాసింది. ఈ రోజు దెబ్బలు రాసింది. ఆ కిందే ఇంకో గడి. ఇంతకుముందు దెబ్బలేమైనా ఉంటే, తేదీలతో.

ఒంటిగంటైంది. గేటు అవతల హారన్ మోగింది.

"లేవు" అని రాసింది.

హారన్ మళ్ళీ మోగింది. ఈసారి పొడుగ్గా. ఎడమ అరచేత్తో కాగితాన్ని అదిమి పట్టుకుంది. రాసింది కొట్టేసింది. పక్కనే గుండ్రటి అక్షరాలతో రాసి, ఫారం ఫర్గల్ చేతికిచ్చింది.

ఎడమ భుజం. జనవరి 9. ఫిబ్రవరి 14. మార్చి 27.

ఫర్గల్ కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. ఆమె మొహంలోకి చూశాడు. మళ్ళీ చదివాడు.

హారన్ మోగుతూనే ఉంది. ఆయన లేచి, జేబులోంచి తాళంచెవి తీసుకుంటూ వెళ్ళి, గేటుకు లోపలి నుంచి తాళం వేశాడు. లాక్‌డౌనని క్రిస్మస్ ముందురోజు వేసి, నాలుగు నెలలకు ఈ రోజు పొద్దున్నే తీసిన తాళం అది.