ఎవరికీ చెప్పకూడని నంబరు

"ఓటీపీ ఎవుడికీ సెప్పకూడదు. పోలీసోళ్లు సెప్పేరు," అని పెదబాబు ఠక్కున ఫోన్ పెట్టేశాడు.

ఝాన్సీకి ఒళ్లు మండిపోయింది. ఫోన్ పెట్టేసినవాడు పరాయివాడైతే సరే, కన్న తండ్రాయె.

చోడవరం బస్టాండు ఎదురుగా ఉన్న సత్తిబాబు నెట్ సెంటర్లో గోడ గడియారం అయిదుకు పన్నెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఐటీఐ ఆప్షన్లకు ఇవాళే ఆఖరు. అయిదు దాటితే సైటు మూసేస్తారు, ఈ ఏడాదికి సీటు లేనట్టే. ఆప్షన్లన్నీ పెట్టేసింది. మొదటిది డీజిల్ మెకానిక్. లాక్ చెయ్యడానికి కావలసిందల్లా ఆరంకెల ఓటీపీ. అది కాస్తా అప్లికేషన్లో రాసిన నాన్న నంబరుకు వెళ్లి కూర్చుంది. నాన్నేమో వడ్డాది నుంచి ఆటో తోలుకుంటూ వస్తున్నాడు.

"మళ్లీ కొట్టమ్మా," అన్నాడు సత్తిబాబు. ఝాన్సీకి ఫోన్ లేదు. మాట్లాడుతున్నది అతని ఫోన్‌తోనే. ఆ నంబరు పెదబాబు ఎరగడు. వచ్చిన తంటా అంతా అదే.

నాలుగో రింగుకు ఎత్తాడు. స్పీకర్ పెట్టినట్టున్నాడు, ఆటో దడదడలో మాట సగమే వినబడుతోంది.

"నాన్నా, నిజంగా నేనే! ఝాన్సీని!"

"గొంతు మా గుంట ఝాన్సీదే. కానీ ఈమధ్య మీ దొంగోళ్లు మనుషుల గొంతులు కూడా అచ్చంగా దించేస్తన్నారంట కదా. సోమారం మా ఆటో స్టాండు దగ్గర మీటింగెట్టి మరీ సెప్పేరు."

ఆటో తోలుతూ ఫోన్ మాట్లాడకూడదని కూడా ఆ మీటింగులోనే చెప్పారు. అది మాత్రం ఆయన చెవికెక్కలేదు.

"సెప్పకు బాబూ, సెప్పకు!" వెనక సీట్లోంచి అరిచింది అచ్చియ్యమ్మ. కూరగాయల బుట్టతో రోజూ ఆ ఆటోలోనే వస్తుందామె.

"అయితే ఏదైనా అడుగు. నేనో కాదో తేలిపోతాది," అంది ఝాన్సీ పళ్లు బిగించి.

"నా ఆటో ఎనకాల ఏటి రాసుంది?"

"తొందరెందుకు తమ్ముడూ అని."

"అది రోడ్డు మీద ప్రతోడూ సదువుతాడు. రాత్రి మా ఇంట్లో ఏటి కూర?"

"ఆనపకాయ."

"ఇప్పుడు అందరిళ్లలోనూ అదే," అని అచ్చియ్యమ్మ తీర్పు చెప్పేసింది.

అయిదుకు ఏడు నిమిషాలు. సత్తిబాబు గడియారం వైపు చూసి, ఝాన్సీ వైపు చూసి, మళ్లీ గడియారం వైపు చూశాడు.

"సరే," అన్నాడు పెదబాబు. "ఇయ్యాల పొద్దున్న నాతో ఏటి మాటాడేవు?"

ఝాన్సీ గోడవైపు తిరిగి ఫోన్ చెవికి ఆనించుకుంది.

"ఏటీ మాటాడలేదు," అంది చిన్నగా. "పది రోజుల్నించీ నీతో మాటాడట్లేదు."

అవతల ఆటో వేగం తగ్గింది.

"రాసుకో," అన్నాడు పెదబాబు. గొంతు మెత్తబడింది. "ఆరు... తొమ్మిది..." అంతలోనే ఆగాడు. "ఇంతకీ ఏ కోర్సు పెడతన్నావే?"

నిజం చెబితే ఇక్కడితో సరి. ఆడగుంట గ్రీజు పూసుకుని బండ్ల కింద దూరతాదా అంటూ అన్నం ముందు నుంచి లేచిపోయిన మనిషి ఆయన. కంప్యూటర్ కోర్సు చేసి ఫ్యాను కింద కూర్చోవాలని ఆయన పట్టు. ముందు లాక్ అయిపోనీ, తిట్లు రాత్రికి ఇంట్లో తినొచ్చు అనుకుంది.

"నువ్వు సెప్పిందే నాన్నా. కంప్యూటర్ కోర్సు. నీ మాట కాదంటానా?"

"ఓరి నీ దుంపతెగ! అచ్చియ్యమ్మా, కొంచెంలో మోసపోయేను! మా గుంట సచ్చినా ఆ మాట అనదు!"

ఫోన్ కట్టయింది.

ఝాన్సీ మళ్లీ కొట్టింది. కట్. మళ్లీ కొట్టింది. కట్. పది రోజులు మొండికేసి నిలబడింది ఈ ఒక్క సీటు కోసం. చివరికి నాన్న మాట విన్నానని చెప్పినందుకే అది పోయేలా ఉంది. అయిదుకు మూడు నిమిషాలు. ఇంకోసారి కొట్టింది.

ఈసారి ఎత్తాడు, తిట్టడానికే.

"పోలీసులకి సెప్పేస్తాను, ఏటనుకుంటన్నావో..."

"సెప్పుకో!" ఝాన్సీ అరిచిన అరుపుకి నెట్ సెంటర్లో తలలన్నీ ఇటు తిరిగాయి. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చేశాయి. "కంప్యూటరూ లేదు, నా బొందా లేదు! అబద్ధమాడేను. డీజిల్ మెకానిక్కే పెట్టేను. అదే సదువుతాను. నువ్వు పది రోజులు అన్నం మానేసినా అదే సదువుతాను! ముందు నీ ఆటో సప్పుడు విను. సైలెన్సర్ బోల్టు లూజైపోయింది, అందుకే ఆ దడదడ. అయిదు రోజుల్నించీ వింటన్నాను. మాటల్లేవని సెప్పలేదు. ఇంకో గోతిలో పడితే రోడ్డు మీదే ఊడిపోతాది, తర్వాత నీ ఇష్టం!"

అవతల ఆటో ఆగింది. ఇంజను కూడా ఆగిపోయింది. ఎవరో కిందికి దిగి, వంగి దేన్నో చేత్తో కదిపిన గలగల. సత్తిబాబు కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని కాచుకున్నాడు.

"సెప్పకు బాబూ," అంటోంది అచ్చియ్యమ్మ.

"నువ్వూరుకో అచ్చియ్యమ్మా, ఇది నా కూతురే," అన్నాడు పెదబాబు. "రాసుకోవే మెకానిక్కూ. ఆరు, తొమ్మిది, మూడు..."