ఎడమచేతి ముడి

బంగారురాజు కుడిచేతిని పడవ అంచు మీద పెట్టి ఇద్దరు అదిమిపట్టారు.

ఎదురుగా జగన్నాధం, గొడ్డలితో. పోయిన ఏడు ఇలాంటి వల గొడవలోనే పక్కపేట వాళ్ళు అతని తమ్ముడి చెయ్యి నరికేశారు.

ఈ బంగారురాజుదీ పక్కపేటే. ఈ పేట కూర్మమ్మకి అల్లుడు.

"ఈ ఊరల్లుడివని వదిలెయ్యమంటావేట్రా?" అన్నాడు జగన్నాధం.

బంగారురాజు ఉమ్మాడు. నెత్తుటితో పాటు ఒక పన్ను ఇసకలో పడింది.

పక్కనే అతని వల గుట్టగా పడుంది. దోమ కూడా దూరని కన్నుల వల, ఈ పేట నీళ్ళలో వెయ్యకూడనిది. అందులో వేలెడు వంజరాలు, గోరంత చందువలు, ఇంకా ఏ చేపో తెలియని నూకల్లాంటి పిల్లలు కొట్టుకుంటున్నాయి.

కూర్మమ్మ కాపురానికొచ్చిన కొత్తలో, మామగారు భుజాన వేసుకొచ్చే వంజరం తోక ఇంటిదాకా ఇసకలో గీత గీసేది. ఇప్పుడామె తట్ట అడుగు కప్పడానికే చేపలు చాలవు.

"పురిటిమంచం మీంచి పిల్లల్నెత్తుకుపోతన్నావు కదరా," అంది అల్లుడితో.

"మీ పెద్దకన్నుల వలల్లో ఏటి పడతన్నాదత్తా? నీల్లేగదా. నీ మనవలకి నీల్లెట్టమంటావా?"

జగన్నాధం గొడ్డలి లేచింది.

"ఆగరా జగన్నాధం," అంది కూర్మమ్మ. "వలకి అగ్గి నేనెడతాను."

గొడ్డలి గాల్లోనే ఆగింది. పేట కట్టుబాటది. తప్పు చేసినవాడి వలని వాడి సొంతమనిషే కాలిస్తే, ఆ తర్వాత వాడి ఒంటిమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు.

"ఆ వల మీదే నీ కూతురు బతకతన్నాది పిన్నీ. సూసుకో మరి."

"సూసాన్లే. కిరసనాయిలు తే."

పోస్తుంటే వలని తేల్చే బెండ్ల తాడు చేతికి తగిలింది. పొడుగునా ఎడమకి తిరిగిన ముడులు. కూతురు యమున చేతిపని. చిన్నప్పుడు ఎడంచెయ్యి వాడొద్దని వీపు వాచేలా కొట్టినా మానలేదు ఆ పిల్ల. ఆ ముడి ఏ అలకీ విడేది కాదు.

అగ్గిపుల్ల గీసింది.

నైలాను కరిగి నల్లటి బొట్లు కారింది. చేపపిల్లలు చిటపటా పేలాయి. గొడ్డలికి అరవని బంగారురాజు అప్పుడు అరిచాడు.

సాయంత్రం తల్లి గుమ్మంలోకి యమున వచ్చింది. అరుగు మీద పడుకున్న మొగుడి చేతులు రెండూ ముందు తడిమి చూసింది. ఆ తర్వాత ఒడ్డున నల్లటి కుప్ప వైపు చూసింది.

"అగ్గెవులెట్టారమ్మా?"

కూర్మమ్మ కంచంలో అన్నం కలిపింది.

"పొద్దున్నుంచీ ఏటైనా తిన్నావో లేదో," అని ముద్ద చేసి కూతురి నోటి దగ్గర పెట్టింది.

చేతికి ఇంకా కిరసనాయిలు వాసన.

యమున నోరు తెరవలేదు.