పాలబండి గొంతు

మేస్త్రి సుత్తితో ఒక్క దెబ్బ వేయగానే పాలవ్యాను సైలెన్సర్ ఊడి కింద పడింది. పడీ పడగానే రెండు ముక్కలైంది.

"తుప్పు తినగా మనకు మిగిలింది ఇంతే బావా" అన్నాడు మేస్త్రి, వ్యాను కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చి.

పాలబండి డ్రైవరుకు నవ్వు రాలేదు. పొద్దున ఆసుపత్రి పెద్ద నర్సు అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"నీ బండి మోతకి పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు. రేపు కూడా ఇలాగే వస్తే వేరే పాలబండి చూసుకుంటాం."

సైలెన్సర్‌కు చిల్లు పడింది మొన్ననే. అంతకుముందు ఆ ఆసుపత్రిలో అతను ఒక్క మాట పడి ఎరుగడు.

"ఈసారి స్టీలుది వెయ్. తుప్పు అన్న మాట మళ్లీ నేను వినకూడదు."

మేస్త్రి బల్ల మీద రెండు సైలెన్సర్లు పెట్టాడు. ఒకటి చిన్నది. ఒకటి బాగా కాసిన సొరకాయంత ఉంది.

డ్రైవరు జేబులోంచి అయస్కాంతం తీసి రెండింటికీ ఆనించి చూశాడు. దేనికీ పట్టలేదు; రెండూ తుప్పు పట్టని స్టీలే.

"బామ్మర్ది మీద ఎంత నమ్మకమో" అన్నాడు మేస్త్రి.

"మీ అక్కను చేసుకునేటప్పుడు ఏ పరీక్షా పెట్టలేదురా. అప్పట్నుంచీ జాగ్రత్తగా ఉంటున్నా."

మేస్త్రి నవ్వి, చిన్నదాన్ని ముందుకు జరిపాడు. "ఇది వేస్తే నీ బండి పాత గొంతే, కాస్త మెత్తగా వస్తుంది. పెద్దదాంట్లో అయితే లోపలంతా మోతను మింగే ఊలు కూరి ఉంటుంది. బండి స్టార్టయిందో లేదో నీకే తెలియదు."

"పెద్దదే."

"చిన్నది చాలు నాయనా."

ఇద్దరూ తిరిగి చూశారు. షెడ్డు గుమ్మంలో ఒక ముసలాయన. ఎప్పుడొచ్చాడో తెలియదు. కుడి అరచేతికి నీలిగళ్ల గుడ్డ చుట్టుకుని ఉన్నాడు.

లోపలికి వచ్చి గొంతుక్కూచున్నాడు. సైలెన్సర్ ముక్కను ఆ గుడ్డ చేత్తోనే ఎత్తి, కుండను చూసినట్టు తట్టి చూశాడు.

"పాతినుము కొనే ఆసామిలా ఉన్నాడు" గొణిగాడు మేస్త్రి. పైకి మాత్రం, "చెయ్యి కాలుతుందని గుడ్డా తాతా? అది చల్లారి చాలాసేపయింది" అన్నాడు.

"అందుక్కాదు. అలవాటు."

"చిన్నదెందుకు చాలు?" అడిగాడు డ్రైవరు.

"చిల్లు మోత పోవాలి గానీ బండి గొంతు పోకూడదు. వస్తోందంటే దూరాన్నుంచే తెలియాలి."

"ఎవరికి తెలియాలి?"

ముసలాయన నోరు తెరిచాడు. అప్పుడే మేస్త్రి కోతమిషను ఆన్ చేశాడు. షెడ్డంతా రవ్వలు. మిషను ఆగేసరికి ముసలాయన మాట కూడా అయిపోయింది.

డ్రైవరు మళ్లీ అడగలేదు.

"తాతా, నా బండి సంగతి నాకు తెలుసులే. ఆ ఆసుపత్రి గేటు దగ్గర నేను ఏనాడూ హారన్ కొట్టలేదు. నేను వెళ్లేసరికి బార్లా తెరిచే ఉంటుంది. అదీ ఈ బండి జాతకం."

ముసలాయన వెన్ను కాస్త నిటారైంది.

"కొట్టలేదు" అన్నాడు.

లేచి, వ్యాను పక్కరేకు మీద చెయ్యి వేసి, ఆవును నిమిరినట్టు ఒకసారి నిమిరి వెళ్లిపోయాడు.

పెద్దదే బిగించారు. ఇంజను వేడికి గొట్టం సాగేందుకు చోటు వదిలి, రబ్బరు కొక్కేలకు వేలాడదీశారు. అతుకుల చుట్టూ మేస్త్రి ఊపిరి బిగబట్టి వెల్డింగ్ చేశాడు.

స్టార్ట్ చేశారు. గొట్టం చివర గాలి తప్ప ఏమీ లేదు.

డ్రైవరు మోకాళ్ల మీద కూర్చుని, కొత్త స్టీలు మీద పడ్డ వేలిముద్రలను చొక్కా అంచుతో తుడిచాడు.

"ఇక ముద్దు పెట్టుకో" అన్నాడు మేస్త్రి.

మర్నాడు తెల్లవారుజామున వ్యాను ఆసుపత్రి మలుపు తిరిగింది. వెనక పాలక్యాన్లు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. పెద్ద నర్సు ఇవాళ పిలిచి మరీ మెచ్చుకోవాలనుకున్నాడు డ్రైవరు. ఎప్పటిలాగే వేగం తగ్గించకుండా గేటు వైపు తిప్పాడు.

గేటు మూసి ఉంది.

కాలు బ్రేకు మీద పడింది. చెయ్యి హారన్ మీద పడింది.

గేటు పక్క వార్డులో ఒక పసిబిడ్డ గుక్కపెట్టింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వార్డంతా. లైట్లు వెలిగాయి. కిటికీ దగ్గరికి పెద్ద నర్సు వచ్చింది. భుజాన ఏడుస్తున్న బిడ్డ. బండి వైపే చూస్తూ నిలబడింది.

గేటు కిర్రుమంటూ పక్కకు జరిగింది. నడివయసు వాచ్‌మన్ ఒకడు పరుగున వచ్చాడు.

"ఈ గేటెప్పుడూ తెరిచే ఉంటుందిగా?" అన్నాడు డ్రైవరు.

"ఎప్పుడూ మూసే ఉంటుందన్నా. లోపల గదిలోంచి గొలుసు లాగితేనే తెరుచుకుంటుంది. పాలబండికి మాత్రం ముందే లాగాలని పాత వాచ్‌మన్ చెప్పాడు. పని అప్పజెప్పేటప్పుడు ఈ ఒక్కమాటే పదిసార్లు చెప్పాడు. మలుపు దగ్గర బండి గొంతు వినపడగానే లాగెయ్, పక్కన పసిపిల్లలున్నారు, హారన్ కొట్టనివ్వకు అని. మా బండి గొంతు వెయ్యి బండ్లలోనైనా పోల్చుకోవచ్చు అనేవాడు. చెవులు రిక్కించుకునే కూర్చున్నా. ఏ గొంతూ రాలేదు."

"మా బండి అన్నాడా?"

"ఎప్పుడూ అలాగే అంటాడు."

"ఏడీ ఆయన?"

"నిన్నటితో పని అయిపోయింది. సాయంత్రం రైలుకి వెళ్లిపోయాడు."

డ్రైవరు గదిలోకి తొంగి చూశాడు. గోడ పక్కన గొలుసు వేలాడుతోంది. చెయ్యి పట్టే చోట మాత్రం తళతళలాడుతోంది.

"గొలుసు కోసుకుంటుంది, చుట్టుకో అని పోతూ పోతూ తన చేతిది విప్పి ఇచ్చాడు" అని కొత్త వాచ్‌మన్ అరచెయ్యి చాపాడు.

నీలిగళ్ల గుడ్డ మీద పాత సైలెన్సర్ తుప్పు మరక ఇంకా ఎర్రగానే ఉంది.