పెరటాసి అమ్మకం

"పాత గంధం ఊదొత్తులు జూన్‌లో నలభై డజన్లే పోయినాయి సార్. నా కొత్త మల్లెవాసనవి నెల్లో నూట అరవై! ప్రయోగమంటే ఇదీ," అన్నాడు దామోదరం.

యజమాని దేవరాజులు అతన్ని మేనేజరును చేసే కాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత తీశాడు.

"ఇక పాత సరుకు ఆపేద్దాం. గంధం కలిపేవాళ్లనూ మాన్పించొచ్చు," అన్నాడు దామోదరం.

ఇరవై ఏళ్లుగా ఆ గంధం కలుపుతున్న పంకజాక్షి గడపలో కట్టలు కడుతూ తలెత్తి దామోదరాన్ని చూసింది. "సారూ, కొత్తవి అంగళ్లకు ఎప్పుడు పంపినారు?"

"నీకెందుకు? సెప్టెంబరు పదిహేడున."

"అయితే పెరటాసి నెలంతా అమ్మినారు. నాలుగు శనివారాలూ ఇంటింటా స్వామికి ఊదొత్తులు వెలిగించి తళిగ నైవేద్యం పెడతారు. అప్పుడు చీపురుపుల్లకు వాసన పూసిచ్చినా కొంటారు."

"చదువురానిదానివి, లెక్కలు నీకేం తెలుసు?"

"ఆ నెల్లో మన పాతవి ఎన్ని పోయినాయప్పా?" అడిగాడు దేవరాజులు.

దామోదరం గొంతు తగ్గింది. "కొత్తవాటికి అడ్డమని పాతవి అంగళ్లలోంచి తీయించేసినాను సార్."

పంకజాక్షి నవ్వింది. "మరి మీ ఇంట్లో తళిగకు రెండు కట్టలు పాతవే తీసుకుపోయినారే? నేనే కదా కట్టిచ్చినాను."

"అది... దేవుడి దగ్గర వెలిగించేదానికి కదా సార్," అన్నాడు దామోదరం.

దేవరాజులు పెన్నుకు మూత పెట్టేశాడు.

"మనం అమ్మేది ఇంకెవరి దగ్గర వెలిగించేదానికప్పా?"